మంద నిలిచిన చేను

పశువుల ఎరువు అనగానే అందరికీ పేడే గుర్తొస్తుంది. కానీ పశువు విసర్జించే నత్రజనిలో సుమారు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే ఉంటాయి. భాస్వరం మాత్రం పేడలో మిగులుతుంది. మూత్రం నేలమీద పడిన కొద్ది గంటల్లోనే అందులోని యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలవడం మొదలవుతుంది. పొద్దున్నే కొట్టంలో అడుగుపెడితే ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. పైరుకు అందాల్సిన బలం అలా పోతుంటే నాకు మనసొప్పదు.

అందుకే గొర్రెల మంద పెట్టించడం మన సేద్యంలోకెల్లా తెలివైన పని అంటాను. కోతలయ్యాక పాలమూరు, కర్నూలు వైపు కాపరులు నీళ్లున్న ఊళ్లకు మందలు తోలుకొస్తారు. రాత్రికి చేలో వల కట్టి మందను ఆపుతారు, మర్నాడు పక్క చెక్కలోకి జరుపుతారు. రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. పేడ ఎత్తక్కర్లేదు, ట్రాక్టరు కిరాయి లేదు. మూత్రం పడ్డచోటే ఇంకుతుంది, పెంటికలను గిట్టలే మట్టిలోకి తొక్కుతాయి. మంద వెళ్లిన వెంటనే ఒక సాలు దున్నితే చాలు. మంద నిలిచిన చోట రెండో పంటలోనూ తేడా తెలుస్తుందని రైతులంటారు.

మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతమే. టన్నుకు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. అంటే ఒక్క బస్తాకు సాటి రావాలంటే నాలుగు టన్నుల ఎరువు తోలాలి. ఈ లెక్క చెప్పి పెంటను తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. యూరియాలో పొటాష్ లేదు, జింకు లేదు. చెలక నేల వాన నీటిని పట్టి ఉంచుకునే గుణం బస్తాతో రాదు. అసలు ఉన్నదే అర శాతమైనప్పుడు, అందులోనూ పోగొట్టుకుంటే ఎలా?

పోగొడుతూనే ఉన్నాం. ఎండాకాలంలో ఎరువు తోలి, చేనంతా చిన్న చిన్న కుప్పలు పోసి, తొలకరి దాకా ఎండకు వదిలేస్తాం. చల్లిన రోజే దున్నితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. కొట్టంలో వరిగడ్డో వేరుశనగ పొట్టో పరిస్తే మూత్రాన్ని పీల్చుకుంటుంది. దాన్ని పేడతో కలిపి నీడలో గుంతకెత్తి, తడి ఆరకుండా చూసి, పైన మట్టి కప్పాలి. మూడు నాలుగు నెలలకు మాగుతుంది. పచ్చిపేడ చల్లితే చెదలు, కలుపు వెంటవస్తాయి.

మా ఊరికి వచ్చే మందలు మాత్రం తగ్గిపోతున్నాయి. గొర్రెలకు పగలు మేయడానికి బీడు కావాలి, తాగడానికి నీళ్లుండాలి. బీళ్లు ప్లాట్లయిన చోట, కొయ్యకాళ్లకు నిప్పు పెట్టిన చోట ఏ కాపరీ ఆగడు. అగ్గిపుల్ల గీసేముందు కాపరికి ఒక ఫోన్ చేయండని మా ఊళ్లో చెబుతూనే ఉన్నాను. ఈ ఏడు ఇద్దరు ముగ్గురు సరేనన్నారు. ఊరి వెనక చెరువు దగ్గర గొర్రెలను నీళ్లు తాగనివ్వాలని వాళ్లే మిగతావాళ్లతో మాట్లాడుతున్నారు.