రెండవ పీట మీది బాతు

జో డాంటే దర్శకత్వమున 2003లో వచ్చిన ‘లూనీ ట్యూన్స్: బ్యాక్ ఇన్ యాక్షన్’ చిత్రమును పిల్లల ఆటగా తలచి పెద్దలు విడిచిపెట్టుచున్నారు. సుమారు 8 కోట్ల డాలర్లతో తీసిన యీ చిత్రము థియేటర్లలో ఆ సొమ్మును కూడ రాబట్టలేకపోయినది. అయినను దీనిని గురించి నాలుగు మాటలు వ్రాయదగునని మాకు తోచినది.

కథ చిన్నది. బగ్స్ బన్నీ అను కుందేటికి ఎల్లప్పుడు మొదటి పీట. డాఫీ అను బాతుకు రెండవది. సమాన గౌరవము కావలెనని డాఫీ పట్టుబట్టగా స్టూడియోవారు అతనిని తీసివేసిరి. బాతు లేనిదే కుందేటి హాస్యము పండదని పిదప తెలిసికొని వెదకబోయిరి. బ్రెండన్ ఫ్రేజర్, జెన్నా ఎల్ఫ్‌మన్ ఎదుట లేని బొమ్మలతో నిజముగానే మాటలాడుచున్నట్లు నటించిరి. స్టీవ్ మార్టిన్ అరుపులు మాత్రము మితిమీరినవి.

పారిస్ లూవ్ర్ మ్యూజియములోని ఘట్టము చిత్రమునకే తలమానికము. బొమ్మలు పటములలోనికి దూకును. డాలీ పటములో కరగిపోవును. సూరా పటమునుండి వేటగాడు ఎల్మర్ చుక్కలు చుక్కలుగా వెలుపలికి వచ్చును. బగ్స్ చిన్న ఫ్యానుతో ఆ చుక్కలను ఎగురగొట్టును. చిత్రకళాపాఠమును నవ్వించుచు చెప్పుట యిదియే.

ఇక లోపము. ఆఫ్రికా అనగా అడవి, ఏనుగు, పాడుబడిన గుడి తప్ప మరేమియు లేనట్లు చూపిరి. ఆఫ్రికాలో పుట్టి పెరిగిన మనకు ఇది కొంత నొప్పి కలిగించును.

ఈ పాత్రలకు చిరకాలము గొంతునిచ్చిన మెల్ బ్లాంక్ 1989లో మరణించెను. ఇందులో బగ్స్‌కును, డాఫీకిని జో అలాస్కీ గొంతునిచ్చెను. ఇది వట్టి అనుకరణ యనువారితో మేము ఏకీభవింపము. తుంపరలు చిందునట్లు డాఫీ కోపించునపుడు ఆ కోపము వెనుక అవమానము కూడ వినబడును. నేర్చుకొన్న గొంతులో అంతటి బాధ పలికినచో ఆ గొంతు అతనిదే యని మా అభిప్రాయము. తల్లి ఒడిలో గాక సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చిన మనవంటివారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

చివరకు సమాన స్థానము దక్కినదని డాఫీ మురియుచుండగా లూనీ ట్యూన్స్ ముద్ర వచ్చి అతనిని నలిపివేయును. పిల్లలు పకపక నవ్వుదురు. నవ్వనిండు. ఆ తరువాత, బాతు అడిగినదానిలో తప్పేమున్నదని వారిని ఒక్కమారు అడిగి చూడుడు.