ఆ శిబిరానికి ఏం పేరు పెడదాం?

కిందటి ఎండాకాలం గోదావరికి అటూ ఇటూ, అంటే పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల ఊళ్ళలోని ఆడపిల్లల కోసం కొందరు మిత్రులు నెలరోజుల శిబిరం తలపెట్టారు. "నువ్వు కవివి కదా, మంచి పేరు చెప్పు" అని ఆ పని నాకు అప్పగించారు. రెండ్రోజులు ఆలోచించి 'వేసవి వెన్నెల' అన్నాను. అందరికీ నచ్చింది. కరపత్రం అచ్చయింది. జగిత్యాల దగ్గర ఒక ఊళ్ళో, చాటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒకామెకు దాన్ని చదివి వినిపించాను. చెయ్యి ఆపకుండానే ఆమె అడిగింది: "ఏం క్యాంపు బిడ్డా, ఆపరేషన్ క్యాంపా?"

నా వెన్నెల అక్కడే ఆరిపోయింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పేరు గురించి ఆలోచించాను కానీ, ఆ పేరు కింద ఉన్న మాట గురించి నేను ఆలోచించనేలేదు. మా అమ్మ తరం ఆడవాళ్ళకు క్యాంపు అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లే. బడిగదుల్లో, ఆసుపత్రి వరండాల్లో వరసగా పడుకోబెట్టి, కుట్లు వేసి ఇంటికి పంపిన జ్ఞాపకం అది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పటినుంచి ఈ ఊళ్ళల్లో క్యాంపు అంటే పోలీసు క్యాంపు కూడా. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులు చూసిన అడవి ఊళ్ళకు ఈ మాట ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పాలా?

పోనీ 'శిబిరం' అందామా? అది సైన్యం గుడారాల మాట. మన చదువుల్లో అన్నిటికన్నా తెలిసిన శిబిరం కురుక్షేత్రంలోది. నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు అయిదుగురినీ అశ్వత్థామ చంపింది ఆ శిబిరంలోనే. పిల్లల్ని నమ్మి పంపమని తల్లుల్ని అడగడానికి మనకు దొరికిన మాట ఇదీ!

కథనూ కవితనూ విమర్శించే మనం పేర్లను ఎందుకు విమర్శించం? పేరు కూడా ఒక రచనే. దాన్ని ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు అని అడగాల్సిందే.

ఆడపిల్లల చదువుకోసం ప్రభుత్వం 2004లో తెచ్చిన గురుకులాల పేరు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. ఆమె త్యాగాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ 1883లో, ఆడుకునే వయసులోనే పెళ్ళయి, బడి మొహం చూడని స్త్రీ ఆమె. బాల్యవివాహాన్ని తప్పించుకుని బడికొచ్చిన పిల్లకు ఆ పేరులో కస్తూర్బా జీవితం కనబడుతుందా, గాంధీగారి భార్య మాత్రమే కనబడుతుందా? 1989లో మొదలై తర్వాత మన ప్రాంతానికీ వచ్చిన మహిళా సమాఖ్య, బడి మానేసిన కిశోర బాలికల కోసం నడిపిన వాటికి మహిళా శిక్షణ కేంద్రాలని పేరు పెట్టింది. ఎంతో గౌరవమైన పేరు. అయినా పన్నెండేళ్ళ పిల్లను 'మహిళ' అనడానికి ఇంట్లోవాళ్ళు అప్పటికే తొందరపడుతుంటారు. ఆ తొందరకు మనమూ ఒక మాట సాయం చెయ్యాలా?

ఇక అందరినీ ఆకట్టుకున్న పేరు 'సమ్మర్ సమురాయ్'. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 దాకా కార్యదర్శిగా ఉన్న సాంఘిక సంక్షేమ గురుకులాల్లో వేసవి శిబిరాల పేరది. దాన్ని ఇంగ్లీషు మోజు అని తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. 'సంక్షేమ హాస్టలు పిల్లలు' అన్న మాటలోని జాలిని, చిన్నచూపును ఆ పేరు తన్ని అవతల పారేసింది. కులం వాసన అంటని మాటకోసం దళిత, ఆదివాసీ పిల్లలు జపాన్ దాకా వెళ్ళాల్సి రావడం తెలుగు భాష చేసుకున్న పాపం. ఆ గురుకులాల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. అదీ ఎండాకాలమే.

అయినా నా పేచీ నాకుంది. సమురాయ్‌లు పుట్టుకతో వచ్చే యోధుల వర్గం. వాళ్ళ కింద అంటరానివాళ్ళుగా బతికిన జనం జపాన్‌లోనూ ఉన్నారు. 1871లో గానీ ఆ ముద్రను చట్టం కొట్టెయ్యలేదు. అంటరానితనం మీద పోరాడే పిల్లలకు ఆ కత్తి ఎవరిదో చెప్పొద్దా? పైగా ఆ మాట వినగానే కళ్ళముందు కదిలేది మగవాడు. ధైర్యానికి మళ్ళీ యుద్ధం వేషమేనా?

ఎండాకాలం ఆడపిల్లకు ఏమిటో ముందు చూద్దాం. బడి ఏప్రిల్ చివర మూస్తే మళ్ళీ జూన్ రెండోవారంలోనే. ఇవతలి ఒడ్డున బీడీలు, అవతల తునికాకు తెంపడం, కట్టలు కట్టడం, రెండు ఒడ్డులా పెళ్ళి ముహూర్తాలు. జూన్‌లో హాజరుపట్టీలో లేని పేర్లు మే నెలలోనే తప్పిపోయి ఉంటాయి. ఈ శిబిరం వినోదం కాదు, పిల్లను జూన్ దాకా కాపాడుకునే ఉపాయం. అందుకే దాని పేరు కవికి నచ్చితే చాలదు. తల్లి భయపడకుండా కూతుర్ని పంపగలగాలి, కూతురు 'ఇది నాది' అనుకోగలగాలి.

ఆ బీడీలామె దగ్గరికే మళ్ళీ వెళ్ళాను. 'ఎండకాలం బడి' అంటే ఎట్లుంటదని అడిగాను. ఆమె బిడ్డ మూతి ముడిచింది. "మళ్ళ బడేనా?" ఆమె నవ్వింది. "తాతీళ్ళు మొగపిల్లగాండ్లకే అక్కా. దీనికి తాతీలెప్పుడున్నది? బడి లేకుంటే బీడీలాయె." తాతీళ్ళు! మా చిన్నప్పటి మాట. ఇప్పుడు పిల్లలు సెలవులంటున్నారు. సెలవు అంటే విరామమే కాదు, అనుమతి కూడా. ఆడపిల్లకు ఆ రెండూ దొరకవు. శిబిరం మొదటిరోజు పిల్లలే చర్చించుకుని 'మా సెలవులు' అని పేరు పెట్టుకున్నారు. నా పేరున్న కరపత్రాల వెనక వాళ్ళు బొమ్మలు వేసుకున్నారు.

ఇంతటితో నేను గెలిచినట్టు రాయలేను. గుడ్డ మీద ఆ పేరు రాస్తుంటే అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కొలాం పిల్ల ఒకతె, "మా మాటల రాయరా?" అని అడిగింది. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ కాలంలో, 1940లలోనే, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఎనభై ఏళ్ళ తర్వాత మాకు ఆ ఆలోచనే రాలేదు. ఈసారి కరపత్రం రాసేముందు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. పేరు పెట్టే హక్కు కవిదనుకున్న అహంకారం నాలో ఇంకా కొంచెం మిగిలే ఉంది.