మందుచీటీ ఇంటికెళ్లాక

1905. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి. ఓపీకి వచ్చిన జనం అటూ ఇటూ తిరిగే నడవాలో ఓ మూల చిన్న బల్ల. దాని ముందు కూర్చున్న గార్నెట్ పెల్టన్ నర్సు చదువు చదివిందే కానీ, అక్కడ ఆమె పని సూది వేయడమూ కాదు, కట్టు కట్టడమూ కాదు. డాక్టరు పంపిన రోగిని కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడగడం.

ఆమెను పెట్టినవాడు రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు. పూట గడవని కూలీకి 'పాలూ గుడ్లూ తిను, నెల రోజులు విశ్రాంతి తీసుకో' అని రాసివ్వడం ఉత్త మాటేనని ఆయనకు తెలిసొచ్చింది. మొదట్లో ఈ పని చేసేవాళ్ల జీతాలు ఆసుపత్రి ఇవ్వలేదు. 1919లో గానీ ఆ ఖర్చు తలకెత్తుకోలేదు. పెల్టన్ కొద్దికాలానికే క్షయ బారినపడి తప్పుకుంది. 1906లో ఆ కుర్చీలోకి వచ్చిన ఐడా కానన్ 1945 దాకా ఆ విభాగాన్ని నడిపింది.

బోస్టన్ కంటే పదేళ్ల ముందే, 1895లో, లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో మేరీ స్టువర్ట్ ఇలాంటి ఉద్యోగంలో చేరింది. అప్పట్లో ఆమెకు అప్పగించిన ముఖ్యమైన పని, ఉచిత వైద్యానికి ఎవరు అర్హులో ఎవరు కాదో తేల్చడం. అంటే ఒకరకంగా గేటు దగ్గర కాపలా. రోగి బతుకు ఆరా తీయబోయిన ఆ కాపలాయే క్రమంగా రోగి తరఫున నిలబడే మెడికల్ సోషల్ వర్క్ అనే వృత్తి అయింది. మన దేశంలో బొంబాయి జేజే ఆసుపత్రి 1946లో తొలి మెడికల్ సోషల్ వర్కర్‌ను నియమించుకుంది.

ఈ పనిలో మొదటి పనిముట్టు ప్రశ్న. నడుం విరిగి కాళ్లు పడిపోయిన మనిషి వార్డులోంచి ఇంటికి వెళ్తున్నాడనుకుందాం. డాక్టరు ఎక్స్‌రే చూస్తాడు. సోషల్ వర్కర్ ఇల్లు చూస్తుంది. గుమ్మానికి మెట్లెన్ని? మరుగుదొడ్డి లోపలా, పెరట్లోనా? చక్రాల కుర్చీ ఆ తలుపులో పడుతుందా? పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పేదెవరు? భార్య కూలికి పోతే ఆ పూట ఎవరు? సదరం సర్టిఫికెట్ ఉందా? వైకల్యం కనీసం 40 శాతమని అందులో తేలకపోతే పింఛను దగ్గరే పని ఆగిపోతుంది. ఈ జవాబులన్నీ రాసుకున్నాకే డిశ్చార్జి ప్రణాళిక తయారవుతుంది. తరువాత ఫోన్లు, ఆఫీసుల చుట్టూ తిరగడం, వీలైతే ఇంటికి వెళ్లి చూడటం. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, ఎవరి వంతు ఏమిటో వాళ్ల నోటే చెప్పించడం కూడా ఇందులో భాగమే.

సైన్యంలో ఇదే విద్యకు ఇంకో మడత ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతలకు మనసు చెదిరిన సైనికులు వేలల్లో తేలారు. వాళ్లకు సాయపడేవాళ్లను తయారుచేయడానికే 1918 వేసవిలో అమెరికాలోని స్మిత్ కాలేజీ మేరీ జారెట్ చొరవతో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. రెండో యుద్ధం నడుస్తుండగా, 1943లో, అమెరికా సైన్యం దీన్ని విడి వృత్తిగా గుర్తించింది.

చిక్కల్లా రహస్యం దగ్గరే. మామూలు ఆసుపత్రిలో రోగి చెప్పింది చాలావరకు గదిలోనే ఉంటుంది. సైన్యంలో అలా కుదరదు. చేతిలో తుపాకీ ఉన్న మనిషికి నిద్ర పట్టడం లేదంటే పై అధికారికి చెప్పాల్సి రావచ్చు. చెబితే ప్రమోషన్ పోతుందేమోనని జవాను నోరు విప్పడు. అందుకే పని తెలిసినవారు మొదటి మాటలోనే ఏది తమ దగ్గర దాగుతుందో, ఏది దాగదో తేల్చి చెబుతారు. నమ్మకం అక్కడ మొదలవుతుంది.

పుణె పక్కన ఖడ్కీలో ఈ పని ఫలితం కళ్లకు కనిపిస్తుంది. గాయపడ్డ సైనికులకు చేతిపని నేర్పడానికి 1917లో బొంబాయిలో పుట్టిన క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తరువాత అక్కడికే చేరింది. వెన్నెముక దెబ్బతిన్నవారి పునరావాస కేంద్రం 1974 నుంచి అక్కడ నడుస్తోంది. చక్రాల కుర్చీల్లోనే బాస్కెట్‌బాల్ ఆడతారు. చేతులు కదలని వాళ్లు నోటితో కుంచె పట్టి బొమ్మలేస్తారు.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది. తరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్లకు తిరిగొచ్చిన వాళ్లకూ, తిరిగిరాని వాళ్ల భార్యలకూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే ఆ బోస్టన్ బల్ల. పింఛను కాగితం ఎక్కడ ఆగిందో ఆ కార్యాలయంలోనే అడగాలి. ఆసుపత్రుల్లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో వచ్చిన ఆరోగ్యమిత్రలు కొంతవరకు ఆ పని చేస్తున్నారు. అయితే కార్డు చూసి కేసు నమోదు చేయడం వేరు, ఇంటి గుమ్మానికి మెట్లెన్నో అడగడం వేరు. రెండోదానికి చదువుకున్న మనిషి కావాలి, తీరిక కావాలి.

ఈసారి ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రి నుంచి తీసుకొచ్చే రోజున, బిల్లు కట్టేముందు ఓ మాట అడగండి: ఇక్కడ మెడికల్ సోషల్ వర్కర్ ఉన్నారా అని. ఉంటే ఓ పావుగంట వాళ్ల దగ్గర కూర్చోండి. లేకపోతే, ఎందుకు లేరని అడిగి మరీ రండి.