పరిమళ అలర్జీకి ప్యాచ్ టెస్ట్: మిశ్రమ పద్ధతిపై ఒక విమర్శ

సెంటు, సబ్బు, క్రీముల తయారీలో వాడే పరిమళ పదార్థాలు వేలల్లో ఉన్నాయి. వాటన్నిటినీ ఒక రోగి వీపు మీద పరీక్షించే వీలు లేదు. అందుకే 1977లో లార్సెన్ అనే చర్మవైద్యుడు ఎనిమిది పదార్థాల మిశ్రమాన్ని సూచించాడు. యూజినాల్, జెరానియాల్, సిన్నమాల్, ఓక్ మాస్ వంటివి అందులో ఉన్నాయి. ఒక్క పట్టీతో ఎనిమిదింటి జాడ తీయవచ్చు. ఇదే ఫ్రాగ్రెన్స్ మిక్స్-1.

ఆలోచన మంచిదే. కాని మొదట ఒక్కొక్క పదార్థాన్ని 2 శాతం చొప్పున కలిపినప్పుడు అలర్జీ లేనివారి చర్మం కూడా ఎర్రబడేది. దానితో 1 శాతానికి తగ్గించారు. తప్పుడు స్పందనలు తగ్గాయి. అలర్జీని పసిగట్టే శక్తీ కొంత తగ్గింది. యూజినాల్, జెరానియాల్‌లను విడిగా పరీక్షించేటప్పుడు సాధారణంగా 2 శాతమే వాడతారు. కనుక మిశ్రమానికి స్పందించని రోగి విడి పదార్థానికి స్పందిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. తర్వాత ఆరు పదార్థాలతో మిక్స్-2ను చేర్చవలసి రావడమే మొదటిది చాలదనడానికి ఆధారం.

ఈ రెండింటిలోనూ లేని లినలూల్ సంగతి మరింత గమనించదగినది. లావెండర్ నూనెలో, ధనియాల నూనెలో ఉండే ఈ పదార్థం స్వచ్ఛంగా ఉన్నంతకాలం అలర్జీని అంతగా కలిగించదు. గాలి తగిలి ఆక్సీకరణం చెందినప్పుడు ఏర్పడే హైడ్రోపెరాక్సైడ్‌లే అసలు కారకాలు. స్వచ్ఛమైన లినలూల్‌తో పరీక్షించి అలర్జీ లేదనడం, దొంగ చిన్ననాటి ఫోటో పట్టుకుని ఊరంతా వెతకడం లాంటిది! హైడ్రోపెరాక్సైడ్‌లనే 1 శాతం మోతాదులో పూస్తే ఈ లోపం తీరుతుంది. అయితే అప్పుడు అలర్జీయో, మామూలు చర్మపు మంటో తేల్చలేని బలహీన స్పందనలు కూడా ఎదురవుతాయి.

పద్ధతి ఏదైనా పట్టీని 48 గంటలు ఉంచుతారు. తీసిన రోజున మాత్రమే చూసి ఊరుకుంటే ఆలస్యంగా వచ్చే స్పందనలు తప్పిపోతాయి. మూడు లేదా నాలుగో రోజున, వీలైతే ఏడో రోజున మళ్లీ చూడాలి. పరిమళ పదార్థాలు ఆవిరయ్యే గుణం గలవి కాబట్టి పట్టీలను ముందురోజే నింపి ఉంచడం కూడా సరికాదు.

మిశ్రమం ఒక్కటే పూసి, స్పందన కనబడలేదని "పరిమళ అలర్జీ లేదు" అని రాయడం మా దృష్టిలో సమర్థనీయం కాదు. ఆ మాట నమ్మి రోగి అదే క్రీము రాసుకుంటూ పోతాడు, దద్దురు మానదు. "పరీక్షించిన పదార్థాలకు స్పందన లేదు" అనేంతవరకే ఆ ఫలితానికి అధికారం ఉంది. అనుమానం మిగిలితే రోగి వాడే క్రీమునే మోచేయి మడతలో రోజుకు రెండుసార్లు, రెండు వారాలపాటు పూయించి చూడవచ్చు. సబ్బు, షాంపూలను మాత్రం ఇలా పూయరాదు. అవి అలర్జీ లేనివారి చర్మాన్ని కూడా మండిస్తాయి.