గుడ్డ మారిస్తే చాలు

ఈ వేసవిలో మా ట్రావెల్ ట్రైలర్ ఆనింగ్, అంటే పక్కన నీడకు చాపే గుడ్డ పందిరి, చిరిగింది. టెక్సాస్ ఎండలో ఆ నీడ లేకుండా బయట కుర్చీ వేసుకోవడం కుదరని పని. అడిగినవాళ్లంతా మొత్తం సెట్టు మార్చేయమన్నారు. నాకు మనసొప్పలేదు. దాన్ని పట్టి ఉంచే పక్క చేతులు వంగలేదు, గుడ్డ చుట్టుకునే గొట్టానికి సొట్ట పడలేదు. పాడైంది గుడ్డ ఒక్కటే, అది విడిగా దొరుకుతుంది.

చిరుగు చాలాసార్లు పైన, ట్రైలర్ గోడకు బిగించిన గాడి దగ్గరే మొదలవుతుంది. ఆనింగ్ చుట్టేసినా పైచుట్టు ఎండలోనే ఉంటుంది కదా! రేకు కప్పు లేని వాటిలో ఆ భాగం ముందుగా పెళుసెక్కుతుంది. చిన్న చిరుగైతే సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, రెండు వైపులా టేపు అతికిస్తే కొన్నాళ్లు ఆగుతుంది. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే అక్కడినుంచే లేచిపోతుంది. మాది అతుకులకు లొంగే చిరుగు కాదు.

గుడ్డ మార్చే పనిలో భయపడాల్సింది స్ప్రింగుకే. చేత్తో చుట్టే ఆనింగ్ గొట్టం చివర్లలో, దుకాణం షట్టర్లో లాగే, బిగబట్టిన స్ప్రింగులుంటాయి. పిన్నుతో లాక్ చేయకుండా మూత విప్పితే అది గిర్రున తిరిగి వేళ్లు విరిచేస్తుంది. అందుకే ముందు పిన్ను, తర్వాతే స్క్రూడ్రైవరు. స్ప్రింగు వదులు చేసేటప్పుడు ఏ చివర ఏ వైపుకు ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకున్నాం. తిరిగి బిగించేటప్పుడు ఆ కాగితమే ఆధారం.

ఇది ఒంటరిగా చేసే పని కాదు. ఇద్దరు గొట్టం పట్టుకోవాలి, ఒకరు నిచ్చెనెక్కి గుడ్డ అంచును గాడిలోకి ఎక్కించాలి. మా బావమరిది పైనుంచి "బావా, కాస్త ఆగు, మడత పడుతోంది" అంటుంటే కింద మేం అంగుళం అంగుళం జరిపాం. గాడిలో సిలికాన్ స్ప్రే కొడితే గుడ్డ తేలిగ్గా జారుతుంది. గ్రీజు మాత్రం వద్దు, మరకలు పోవు. చివరికి గుడ్డ బిర్రుగా నిలబడ్డప్పుడు కలిగిన తృప్తి కొత్త సెట్టు కొంటే వచ్చేది కాదు.

మీకూ ట్రైలర్ ఉంటే ఒక్క మాట. 5 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పున్న ఆనింగ్ మీద అంగుళం వాన కురిస్తే 300 లీటర్ల పైనే నీరు, అంటే 300 కిలోల పైనే బరువు. చినుకులు మొదలవగానే ఒక పక్క కిందికి దించి వాలు ఇవ్వండి. గాలి లేస్తే చుట్టేయండి. తడిగా చుట్టాల్సి వస్తే, ఎండ రాగానే విప్పి ఆరబెట్టండి, బూజు పట్టదు.