రెండో అవకాశం ప్రేమకథ: ‘ది నోట్‌బుక్’ నవల - విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం పూర్తిగా చదివిన తరువాత మీరు:
- ‘రెండో అవకాశం ప్రేమకథ’ అనే కథావిధానం ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- నవలలో కుటుంబ రహస్యం నిర్వహించే పాత్రను గుర్తించగలుగుతారు.
- బాగా అమ్ముడుపోయిన నవలను తేలికగా కొట్టిపారేయకుండా, గుడ్డిగా మెచ్చుకోకుండా అంచనా వేయగలుగుతారు.

పరిచయం

విడిపోయిన ప్రేమికులు కొన్నేళ్ల తరువాత మళ్లీ ఎదురుపడతారు. మొదటిసారి ఎందుకు విడిపోయారో అప్పుడు తెలుస్తుంది. తెలిశాక ఏం చేయాలన్నది మిగిలిన కథ. ఈ కథావిధానాన్నే మనం ‘రెండో అవకాశం ప్రేమకథ’ అంటున్నాం. నేటి ప్రేమ నవలల్లో దీనికి ఆదరణ ఎక్కువ. విడిపోవడానికి కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. ఎవరో ఒక మాట దాస్తారు, ఒక ఉత్తరం దాస్తారు, ఒక గతాన్ని దాస్తారు.

ఈ పాఠానికి అమెరికన్ రచయిత నికొలస్ స్పార్క్స్ రాసిన ‘ది నోట్‌బుక్’ను తీసుకున్నాం. ఇది 1996లో వెలువడింది. తన భార్య అవ్వాతాతల సుదీర్ఘ దాంపత్యం ఈ కథకు ప్రేరణ అని రచయితే చెప్పారు. 2004లో సినిమాగా వచ్చింది. మీలో చాలామంది నవల చదవకపోయినా సినిమా చూసి ఉంటారు. సినిమాలో కొన్ని మార్పులున్నాయి. ఈ పాఠంలో మనం నవలనే ఆధారంగా తీసుకుంటున్నామని గమనించండి.

ఇటువంటి పుస్తకం పాఠ్యభాగంలో ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. ఒకప్పుడు నాకూ వచ్చింది. చాలా ఏళ్ల క్రితం ఒక అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి జరుగుతోంది. నేను ఈ నవలను ‘కాలక్షేపం పుస్తకం’ అని ఒక్క మాటతో దాటవేశాను. వెనుక వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచారు. నలభై ఏళ్లు దాటిన గృహిణి. “సార్, ఆ అమ్మాయి ఉత్తరాలు దాచిన తల్లిని ఎవరూ ఒక్క మాటైనా అనరేం?” అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వెళ్లి పుస్తకాన్ని మళ్లీ చదివాను. ఈ పాఠం ఆ ప్రశ్న నుంచి పుట్టిందే.

కథా సంగ్రహం

ఉత్తర కరొలినా రాష్ట్రంలోని న్యూబర్న్ అనే చిన్న పట్టణం. 1932 వేసవిలో నోవా అనే పేద యువకుడు, ఎలీ అనే సంపన్న కుటుంబపు అమ్మాయి ప్రేమించుకుంటారు. వేసవి ముగియగానే ఎలీ కుటుంబం ఊరు విడిచి వెళుతుంది. నోవా ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు. జవాబు రాదు. తరువాత పనికోసం వేరే రాష్ట్రానికి వెళతాడు, యుద్ధంలో పాల్గొంటాడు, తిరిగివచ్చి న్యూబర్న్‌లో ఒక పాత ఇంటిని కొని బాగుచేసుకుంటాడు.

పద్నాలుగేళ్లు గడుస్తాయి. 1946లో, లాన్ అనే న్యాయవాదితో పెళ్లికి మూడు వారాల ముందు, నోవా ఇంటి గురించి పత్రికలో చదివి ఎలీ అతణ్ని చూడడానికి వస్తుంది. నోవా ఉత్తరాలు రాశాడని, వాటిని తన తల్లి దాచిందని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. లాన్ కోర్టు పని మధ్యలో ఆపి బయలుదేరతాడు. అతనికంటే ముందే తల్లి వచ్చి ఉత్తరాల కట్టను కూతురి చేతిలో పెడుతుంది. ఎవరిని ఎంచుకోవాలన్నది ఇక ఎలీ చేతిలో ఉంది.

ఈ కథ చుట్టూ మరో కథ ఉంది. ఎనభై ఏళ్ల వృద్ధుడు ఒక వృద్ధుల సంరక్షణాలయంలో, అల్జైమర్స్ వ్యాధితో జ్ఞాపకశక్తి కోల్పోయిన ఒక స్త్రీకి నోట్‌బుక్ లోంచి ఈ కథ చదివి వినిపిస్తుంటాడు. ఆయన నోవా. ఆమె ఎలీ. వింటున్నది తన కథేనని ఆమెకు తెలియదు.

సలహా, దాపరికం: రెండింటి మధ్య తేడా

తల్లి చేసిన పనిని అర్థం చేసుకోవడానికి మరో నవలను పక్కన పెట్టి చూద్దాం. జేన్ ఆస్టెన్ ‘పర్‌స్వేషన్’ ఆమె మరణానంతరం 1817 డిసెంబరులో వెలువడింది. రెండో అవకాశం ప్రేమకథలకు ఇది మంచి పూర్వరూపం. అందులో ఆన్ ఎలియట్ పంతొమ్మిదో ఏట వెంట్‌వర్త్‌ను ప్రేమిస్తుంది. అతనికి ఆస్తి లేదు. తల్లిలేని ఆన్‌కు పెద్దదిక్కుగా ఉన్న లేడీ రస్సెల్ ఈ సంబంధం వద్దని నచ్చచెబుతుంది. ఆన్ ఆ మాట విని నిశ్చితార్థం రద్దు చేసుకుంటుంది. దాదాపు ఎనిమిదేళ్ల తరువాత వెంట్‌వర్త్ మళ్లీ ఆమె జీవితంలోకి వస్తాడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. లేడీ రస్సెల్ చెప్పాల్సింది ముఖం మీదే చెప్పింది. ఆన్ విన్నది, ఆలోచించింది, ఒప్పుకుంది. పొరపాటు జరిగితే అందులో ఆన్‌కూ భాగం ఉంది. అందుకే ‘పర్‌స్వేషన్’ మనిషి తన నిర్ణయంతో తాను ఎలా రాజీపడాలన్న ప్రశ్నను లోతుగా చర్చించగలిగింది.

ఎలీకి ఆ అవకాశం లేదు. ఆమెకు ఎవరూ సలహా ఇచ్చి నిర్ణయం ఆమెకే వదలలేదు. నిర్ణయించుకోవడానికి కావలసిన సమాచారాన్నే ఆమెకు అందకుండా చేశారు. ‘అతను నన్ను మరచిపోయాడు’ అనే అబద్ధం మీద ఆమె తన జీవితం కట్టుకుంది. పెద్దలు పిల్లలకు సలహా చెప్పడం ఒక సంగతి. పిల్లలకు వచ్చిన ఉత్తరాన్ని దాచడం పూర్తిగా వేరే సంగతి. ‘నీ మంచికోసమే’ అనే మాట రెండింటికీ ఒకేలా వినిపిస్తుంది. మొదటిది నిర్ణయాన్ని మన చేతిలో ఉంచుతుంది, రెండోది లాక్కుంటుంది.

ఈ తేడా మన ఇళ్లలో కూడా తెలిసినదే. ఉద్యోగానికి వచ్చిన పిలుపు, కాలేజీ సీటు కబురు, ఒక సంబంధం గురించిన అసలు సంగతి - ఇలాంటివి ‘అమ్మాయికి ఇప్పుడే ఎందుకు’ అని పక్కన పెట్టిన సందర్భాలు మీకూ గుర్తుకు రావచ్చు. ఆ విద్యార్థిని ప్రశ్నలో ఉన్న బరువు నాకు ఇక్కడే అర్థమైంది.

తల్లికి దొరికిన క్షమ

మరి నవల ఆ ప్రశ్నకు ఏమి సమాధానం చెబుతుంది? సూటిగా చెప్పాలంటే, దాదాపు ఏమీ చెప్పదు. తల్లి వస్తుంది, ఎందుకు చేసిందో క్లుప్తంగా వివరిస్తుంది, కట్ట ఇచ్చి వెళ్లిపోతుంది. పద్నాలుగేళ్ల నష్టానికి కొన్ని పేజీల్లో తెర పడుతుంది. కథ వెంటనే ‘నోవానా, లాన్‌నా’ అన్న ప్రశ్న వైపు తిరుగుతుంది.

సినిమా ఈ లోటును మరో విధంగా పూడ్చింది. తల్లి తన యౌవనంలో తాను వదులుకున్న ఒక కూలీని దూరం నుంచి కూతురికి చూపిస్తుంది. ఆ దృశ్యం నవలలో లేదు. ఆమె ఎందుకు అలా చేసిందో ఆ దృశ్యం వల్ల ప్రేక్షకుడికి కొంత అర్థమవుతుంది. కాని అది ఆమె పట్ల జాలి పెంచుతుందే తప్ప, ఎలీకి జరిగిన అన్యాయాన్ని తూచదు.

దీన్ని నేను నవలలోని లోపంగానే భావిస్తున్నాను. రహస్యం బయటపడడం వేరు, దాని బాకీ తీరడం వేరు. ఈ కోవకు చెందిన చాలా నవలలు మొదటిది జరగగానే రెండోది కూడా జరిగినట్లు చూపిస్తాయి. మీరు ఇటువంటి నవల చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: నిజం తెలిసిన తరువాత దాచినవారు ఏమి కోల్పోయారు?

లాన్ పాత్ర విషయంలోనూ ఇదే తేలికతనం కనిపిస్తుంది. అతను చెడ్డవాడు కాడు. పనిలో మునిగిపోవడమే అతని తప్పు. పాత సామాన్లు కొనడానికి వెళుతున్నానని ఎలీ అతనికి అబద్ధం చెప్పి వస్తుంది. తల్లి దాపరికం వల్ల నష్టపోయిన మనిషి తాను కూడా దాపరికాన్నే ఆశ్రయించింది. ఇది బలమైన సందర్భం. రచయిత దీన్ని గమనించినా దాని మీద నిలబడలేదు.

చెప్పని మరో చరిత్ర

1946 నాటి ఉత్తర కరొలినాలో నల్లజాతివారిని వేరుగా ఉంచే చట్టాలు అమలులో ఉన్నాయి. నవలలో గస్ అనే వృద్ధుడైన నల్లజాతి పొరుగువాడు ఉన్నాడు. సాయంత్రాలు నోవాతో వరండాలో కూర్చుంటాడు, సంగీతం వినిపిస్తాడు, ప్రేమ గురించి మంచి మాట చెబుతాడు. అతని జీవితం గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. నోవా ప్రేమతో బాగుచేసుకున్నది ప్లాంటేషన్ తరహా పాత ఇల్లు. ఆ ప్రాంతంలో అటువంటి ఇళ్ల చరిత్ర బానిసల శ్రమతో ముడిపడి ఉంది. నవల ఆ వైపు చూడదు. ప్రేమ నవల అన్నీ చెప్పాలని మనం కోరనక్కరలేదు. అయితే కుటుంబ రహస్యం మీద నడిచే కథ తన నేలలోని రహస్యాన్ని వదిలేసిందని గుర్తించడం విమర్శకుడి పని.

రెండో దాపరికం

ఇప్పటిదాకా లోపాలు చూశాం. అయితే ఈ పుస్తకం ఎందుకు నిలిచింది? నా ఉద్దేశంలో దాని బలం 1946 కథలో కంటే చుట్టూ ఉన్న వృద్ధాప్య కథలో ఉంది.

జాగ్రత్తగా చూడండి. సంరక్షణాలయంలో నోవా కూడా ఒక నిజం దాస్తున్నాడు. తాను ఎవరో ఎలీకి మొదట చెప్పడు. అపరిచితుడిలా కూర్చుని కథ చదువుతాడు. ఒక దాపరికం వల్ల విడిపోయిన జంట మరో దాపరికంతో చివరి రోజులు గడుపుతోంది. మరి ఇది తల్లి చేసిన పనికంటే ఎలా భిన్నం?

నోవా దాస్తున్నది ఆమె భయపడకుండా ఉండడానికి. పైగా అతను కథలోని వాస్తవాలన్నీ ఆమె ముందు పెడుతున్నాడు - ఉత్తరాలు, లాన్, తల్లి, అన్నీ. ఎలీ నిర్ణయం తీసుకునే ఘట్టానికి ముందే చదవడం ఆగుతుంది. ఆ స్త్రీ ఎవరిని ఎంచుకుందన్నది వింటున్న ఎలీకి కూడా ప్రశ్నే. తల్లి నిజాన్ని తొలగించి ఎంపికను మూసేసింది. నోవా తన పేరొక్కటి పక్కనపెట్టి, మిగిలిన నిజమంతా చెప్పి, ఎంపికను తెరిచి ఉంచాడు. ‘నేను నీ భర్తను’ అని హక్కుగా అడగలేదు. రెండో అవకాశం 1946లో ఒక్కసారి వచ్చి ముగిసిపోలేదు. అతనికి అది ప్రతిరోజూ మళ్లీ మొదలవుతుంది. కొన్ని రోజులు ఆమె గుర్తుపడుతుంది. ఆ వెలుగు కాసేపే. మళ్లీ భయం, మళ్లీ అపరిచితత్వం.

ఉత్తరాల వరుసను కూడా గమనించండి. మొదట నోవా రాసినవి ఎలీకి చేరలేదు. వ్యాధి సంగతి తెలిశాక ఎలీ నోవాకు రాసిన ఉత్తరం మాత్రం చేరింది. ఆయన దాన్ని వృద్ధాప్యంలో పదే పదే చదువుకుంటాడు. చేరని ఉత్తరాలతో మొదలైన కథ చేరిన ఉత్తరం దగ్గరికి వచ్చింది. తల్లికి నవల విధించని శిక్షకంటే ఈ నిర్మాణమే ఎలీకి జరిగిన నష్టాన్ని ఎక్కువగా గుర్తుచేస్తుంది.

ఒక జాగ్రత్త అవసరం. కథ వింటే జ్ఞాపకం తిరిగి వస్తుందన్నది నవలలోని అద్భుతం. అల్జైమర్స్‌ను పూర్తిగా నయం చేసే వైద్యం ఇంతవరకు లేదు. ఇంట్లో అటువంటి రోగిని చూసుకుంటున్నవారు, ‘నా ప్రేమ చాలలేదా’ అని ఈ పుస్తకం చదివి బాధపడకూడదు. గుర్తుపట్టని రోజు కూడా పక్కన కూర్చోవడమే నోవాలో మెచ్చుకోదగిన గుణం.

సారాంశం

‘ది నోట్‌బుక్’ లోపాలున్న పుస్తకం. తల్లిని సులువుగా వదిలేసింది, లాన్‌కు న్యాయం చేయలేదు, గస్‌ను వరండా దాటనివ్వలేదు. అయినా దాపరికానికీ ప్రేమకూ మధ్య ఉన్న సంబంధాన్ని రెండు వైపుల నుంచి చూపించింది. ఎదుటి మనిషి నిర్ణయాన్ని మూసేసే దాపరికం ఒకటి, దానికి చోటు ఉంచే మౌనం మరొకటి. ఆనాటి విద్యార్థినికి తరగతిలో ఇవ్వలేకపోయిన సమాధానం ఇది: తల్లిని రచయిత అడగలేదు, కాబట్టి అడగవలసింది పాఠకులే. మీరు అడిగారు. విమర్శ అక్కడే మొదలవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. లేడీ రస్సెల్ సలహాకూ, ఎలీ తల్లి దాపరికానికీ ఉన్న తేడాను ఐదు వాక్యాలలో రాయండి.
2. నోవా తన గుర్తింపును దాచడం సమర్థనీయమేనా? కారణాలతో చర్చించండి.
3. కుటుంబ రహస్యం కీలకంగా ఉన్న ఒక తెలుగు నవలను లేదా కథను ఎంచుకోండి. రహస్యం బయటపడిన తరువాత దాచినవారికి, నష్టపోయినవారికి ఏమి జరిగిందో పరిశీలించి ఒక పేజీ వ్యాసం రాయండి.