దిగులుకీ కులముంది

'తట్టుకునే శక్తి' - మానసిక ఆరోగ్యం మీద రాసే పరిశోధకులకి బాగా నచ్చిన మాట. దళితుడు తట్టుకుంటున్నాడని మెచ్చుకుంటారు గానీ, దేన్ని తట్టుకుంటున్నాడో అడగరు.

ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో అచ్చేసిన వ్యాసం ఆ ప్రశ్న దాకా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007-08లో ఆరు రాష్ట్రాల్లో చేయించిన సర్వే దానికి ఆధారం. దిగులూ ఆందోళనా అగ్రకుల హిందువుల్లో కన్నా దళితుల్లో, ముస్లింలలో ఎక్కువని తేల్చారు. 'అదంతా పేదరికమేలే' అనే పెద్దమనుషులు మనకి కొత్త కాదు. చదువు, ఆస్తి, ఖర్చు లెక్కగట్టినా తేడా పూర్తిగా పోలేదు మరి! కారంచేడు (1985), చుండూరు (1991) తెలిసినవాళ్ళకి ఇది వార్త కాదనుకోండి. అయినా అంకెల్లో చెబితే తప్ప వినని చెవులున్నయ్.

పేచీ కొలబద్దతోనే. గడిచిన 30 రోజుల్లో మనసెలా ఉందని అడిగారు. బళ్ళో విడిగా కూచోబెట్టిన రోజు ఏ నెల లెక్కలోకొస్తుంది? పైగా ఆ సర్వే ముఖ్యంగా 50 దాటినవాళ్ళ మీద చేసింది. 2016 జనవరి 17న రోహిత్ వేములని పోగొట్టుకున్న హాస్టల్ తరం అందులో దాదాపు లేనట్టే.

ఇక వైద్యం. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకి తర్ఫీదిచ్చి, ఆరోగ్య కేంద్రాల్లో కుంగుబాటు రోగులతో మాట్లాడించారు. మూడు నెలలకి 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యంతో 39 శాతమే. మంచి పద్ధతి, మనకీ కావాలి. కాకపోతే ఆ మాట్లాడే మనిషి ఊళ్ళోంచి వస్తాడా, వాడలోంచా? వాడకొచ్చి మా గ్లాసులో నీళ్ళు తాగుతాడా?